ఎనిమిదేళ్ల ఆర్డీ మార్చిలో చేతికొస్తుంది. అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్: ప్యాకేజీనా, సొంతంగానా?

బ్రాడీపేట_4వలైను
ఎనిమిదేళ్లు నెలనెలా వేసిన ఆర్డీ, పైన ఒక చీటీ, రెండూ మార్చిలో వస్తున్నాయి. నలుగురం వెళ్తాం: నేను, మా ఆవిడ, నాన్న (67, బీపీ మాత్రలు), అమ్మ (62, పూర్తి శాకాహారం). మే చివర గానీ జూన్ మొదటి వారంలో గానీ తొమ్మిది రోజులు. ఇంకే దేశమూ వద్దు, స్విట్జర్లాండ్ ఒక్కటే. బెజవాడలో ఒక ట్రావెల్స్ వాళ్లని అడిగితే వీసాకి ముందే 60 శాతం కట్టమన్నారు, వీసా రాకపోతే ఆ డబ్బు వెనక్కి రాదట. ఆ మాటతో గుండె జారింది. సొంతంగా వేసుకోగలమా? ఏది ముందు, ఏది తర్వాత? తెలిసినవాళ్లు వరస చెప్పండి.

పటమట_పద్మ
60 శాతం కట్టకండి. వీసా రాకముందు వెనక్కి రాని రూపాయి ఎక్కడా పెట్టకూడదు, విమానం టికెట్‌తో సహా. రాయబార కార్యాలయాలు అడిగేది రిజర్వేషన్, కొన్న టికెట్ కాదు. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే రకం బుక్ చేయండి.

లెక్కల_మాస్టారు
పద్మగారు చెప్పింది కరెక్టు. వరస ఇదీ: పాస్‌పోర్టులు, తర్వాత బ్యాంకు కాగితాలు, హోటళ్లు (రద్దు చేసుకోగలిగేవి), ఇన్సూరెన్స్, వీసా. ఆ తర్వాతే విమానం, రైలు పాసులు.

పాస్‌పోర్టు స్విట్జర్లాండ్ నుంచి బయటకొచ్చే తేదీ దాటి కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. అమ్మానాన్నలవి ఈ రోజే బీరువాలోంచి తీసి చూడండి. అయిపోయుంటే రీఇష్యూకి 36 పేజీలది 1500, తత్కాల్ అయితే ఇంకో 2000 కలుస్తుంది. విజయవాడ సేవా కేంద్రంలో స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో చూసుకుని దాన్నిబట్టి మిగతా తేదీలు వేసుకోవాలి.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజుల ముందు వరకే తీసుకుంటారు. ఆ 15 రోజుల గీత దగ్గరికి వెళ్లొద్దు. మే చివరకి అయితే మార్చి ఆఖరులోపు వేలిముద్రలు ఇచ్చేయాలి, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో వేసవి సెలవుల జనం వల్ల హైదరాబాద్ వీఎఫ్ఎస్‌లో (వీసా అర్జీలు, వేలిముద్రలు తీసుకునే కేంద్రం) అపాయింట్‌మెంట్లు దొరకవు.

తెనాలి_తమ్ముడు
హైదరాబాద్ వెళ్లి తీరాలా? బెజవాడలో ఇవ్వకూడదా వేలిముద్రలు?

లెక్కల_మాస్టారు
హైదరాబాద్ కేంద్రానికే వెళ్లాలి, మనిషి స్వయంగా. నలుగురివీ ఒకే రోజు, పక్కపక్క స్లాట్లలో తీసుకోండి. గత 59 నెలల్లో షెంగెన్ (స్విట్జర్లాండ్‌తో సహా ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు) వేలిముద్రలు ఇచ్చినవాళ్లకి మళ్లీ అక్కర్లేదు.

గవర్నర్‌పేట_ఆడిటర్
ఆర్డీ మార్చిలో వస్తుందన్నారు కదా, అక్కడొక ముడి ఉంది. వీసాకి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే, ఎవరో అప్పుగా వేసి చూపిస్తున్నారేమో అని అనుమానిస్తారు. కాబట్టి ఆర్డీ ముగిసిన కాగితం, ఆర్డీ పాస్‌బుక్కులో నెలనెలా కట్టిన పేజీలు రెండూ జతచేయండి. ఎనిమిదేళ్ల పొదుపు కనపడటం మీకు బలం, దాచుకోవద్దు. చీటీ డబ్బుకి చీటీ కంపెనీ ఇచ్చిన చెల్లింపు రసీదు పెట్టండి. ఊళ్లో చేతి చీటీ అయితే కాగితం ఉండదు. ఆ డబ్బు ఖాతాలో వేసి చూపించకపోవడమే నయం, ఆర్డీ ఒక్కటే చాలేట్టు లెక్క వేసుకోండి.

మూడేళ్ల ఐటీఆర్‌లు, మీ ఆఫీసు నుంచి సెలవు మంజూరు చేసినట్టు లెటర్, నాన్నగారికి పెన్షన్ పత్రం. నాన్నగారి ఖర్చు మీరే భరిస్తుంటే ఆ మాట కవర్ లెటర్‌లో ఒక లైను రాయాలి.

బ్రాడీపేట_4వలైను
చేతి చీటీయే. మంచి మాట చెప్పారు. ఆర్డీ ఒక్కటే చూపిస్తాను. వీసా ఫీజు ఎంత?

పటమట_పద్మ
పెద్దవాళ్లకి 90 యూరోలు, 2024 జూన్ నుంచి. పైన వీఎఫ్ఎస్ సర్వీసు చార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు వెనక్కి రాదు. పోతే పోవాల్సింది ఆ డబ్బే, ప్యాకేజీలో 60 శాతం కాదు.

మాచవరం_డౌన్
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ విడమర్చలేదు. కనీసం 30,000 యూరోల కవర్, షెంగెన్ దేశాలన్నిటికీ, వెళ్లే రోజు నుంచి వచ్చే రోజు వరకు ఒక్క రోజు కూడా తగ్గకుండా. నాన్నగారికి బీపీ ఉందని ప్రపోజల్‌లో దాచి పాలసీ తీసుకుంటే వీసా అయితే వస్తుంది గానీ, అక్కడ ఆసుపత్రి పాలైతే క్లెయిమ్ కొట్టేస్తారు. ముందునుంచీ ఉన్న జబ్బులకి కూడా వర్తించే పాలసీ అడగండి. 60 దాటినవాళ్లకి ప్రీమియం ఎక్కువే, అయినా ఇక్కడ పిసినారితనం వద్దు.

కృష్ణలంక_కుర్రాడు
ప్యాకేజీని మరీ దొంగని చేసేస్తున్నారు. 67 ఏళ్ల మనిషితో సామాను ఈడ్చుకుంటూ రైళ్లు మారడం అంత తేలిక కాదు. ప్యాకేజీలో బస్సు హోటల్ గుమ్మం ముందుకి వస్తుంది, రాత్రికి పప్పన్నం పెడతారు. సొంతంగా వెళ్తే రోజూ ప్లాను వేసే మనిషి ఒకరుండాలి. వాళ్లకి సెలవు ఉండదు.

రైలుపిచ్చి_బెజవాడ
కుర్రాడి మాటలో సగం నిజం. ఐదారు దేశాలు తిరిగే వాళ్లకి ప్యాకేజీయే సుఖం. ఈయన ఒక్క దేశమే అంటున్నారు, అది కూడా రైళ్ల దేశం. రెండే రెండు ఊళ్లలో బస పెడితే సామాను ఈడ్చే బాధే లేదు. లూసెర్న్‌లో మూడు రాత్రులు, ఇంటర్లాకెన్ చుట్టుపక్కల ఐదు రాత్రులు. జూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్, అక్కడి నుంచి లూసెర్న్ గంటా పది నిమిషాలు. లూసెర్న్ నుంచి ఇంటర్లాకెన్ ఓస్ట్‌కి బ్రూనిగ్ కనుమ మీదుగా నేరు రైలు, రెండు గంటల లోపే. కిటికీ పక్కన కూర్చుంటే సరస్సులు వరసగా వస్తాయి, ఆ ప్రయాణమే ఒక రోజు చూడ్డానికి సమానం.

అన్ని రోజులూ ఒకే ఊళ్లో ఉండి తిరగొద్దు, అలాగని రోజుకో ఊరు మారొద్దు. పెద్దవాళ్లతో రోజుకి ఒక్క కొండ చాలు.

అరండల్‌పేట_అరుణ
టాక్స్ సంగతి కూడా కలపండి. ప్యాకేజీ కొంటే 5 శాతం జీఎస్టీ, దాని మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే కోసి మన పాన్ మీద కట్టే ఆదాయపన్ను). సొంతంగా వెళ్తూ ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకుంటే ఒక మనిషి పాన్ మీద ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు దాటేదాకా టీసీఎస్ లేదు (2025 ఏప్రిల్ నుంచి).

గవర్నర్‌పేట_ఆడిటర్
అరుణగారికి ఒక సవరణ లాంటిది: టీసీఎస్ పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ మీద కోశారో వాళ్ల ఆదాయపన్ను ఖాతా వివరాల్లో కనిపిస్తుంది, రిటర్న్ వేసి సర్దుకోవచ్చు లేదా వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే చేతిలో ఉండాల్సిన డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. టాక్స్ పడని నాన్నగారి పాన్ మీద కోయిస్తే ఆయన రిటర్న్ వేయక తప్పదు. శాతాలు బడ్జెట్‌కి బడ్జెట్‌కీ మారతాయి, కట్టే రోజు ఉన్న రేటు అడగండి.

చీటీపాట_చిన్నారావు
అందరూ మర్చిపోతున్న సంగతి: పొదుపు రూపాయల్లో, ఖర్చు ఫ్రాంకుల్లో. 2016లో ఫ్రాంకు 70 రూపాయల లోపు. 2025 చివరికి 110 దాటింది. ఎనిమిదేళ్ల క్రితం వేసుకున్న బడ్జెట్ కాగితం చింపేసి ఈ రోజు రేటుతో మళ్లీ వేయాలి. ఫారెక్స్ కార్డు తీసుకుని ఫ్రాంకుల్లోనే లోడ్ చేయండి, ఒక్కసారిగా కాదు, మూడు నాలుగు విడతలుగా. రేటు పైకెళ్లినా కిందికొచ్చినా సగటు దెబ్బే తగులుతుంది.

అక్కడ చెల్లేది యూరో కాదు, ఫ్రాంకు. యూరోలు పట్టుకెళ్తే కొన్ని చోట్ల తీసుకుంటారు, చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు, రేటు వాళ్లిష్టం.

తెనాలి_తమ్ముడు
మరి క్రెడిట్ కార్డు గీకితే?

చీటీపాట_చిన్నారావు
చాలా కార్డులకి 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ. ఏ కార్డయినా మిషన్ "రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా" అని అడుగుతుంది, ఫ్రాంకులే నొక్కాలి. రూపాయలు చూడగానే మనసు అటు లాగుతుంది, కానీ ఆ రేటులో వాళ్ల వాటా కలిపి ఉంటుంది. ఎనిమిదేళ్లు దాచిన డబ్బు ఆ ఒక్క బటన్ దగ్గర కారిపోతుంది.

రైలుపిచ్చి_బెజవాడ
ఇప్పుడు రైలు పాసులు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా.

రెండు దారులు. ఒకటి స్విస్ ట్రావెల్ పాస్: 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్లు, బస్సులు, సరస్సు పడవలు, ఊళ్లలో ట్రాములు, మ్యూజియాలు అన్నీ అందులోనే. రెండోది హాఫ్ ఫేర్ కార్డు: నెల రోజులు చెల్లుతుంది, దాదాపు ప్రతి టికెట్టూ సగం ధర.

"పాస్ ఉంటే అన్నీ ఫ్రీ" అనుకుని వెళ్లి యుంగ్‌ఫ్రౌయోక్ (మంచు కొండ మీది రైల్వే స్టేషన్) కౌంటర్ దగ్గర ఉలిక్కిపడతారు. పాస్ దారిలోని ఊళ్లు వెంగెన్ వరకో, గ్రిండెల్‌వాల్డ్ వరకో. ఆ పైన 25 శాతం తగ్గింపే. హాఫ్ ఫేర్ కార్డు మీద అదే కొండకి సగం. ఇంటర్లాకెన్ నుంచి రానూపోనూ పూర్తి టికెట్ వేసవిలో మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది కాబట్టి తేడా చిన్నది కాదు. టిట్లిస్ అనే ఇంకో మంచు కొండకి రెండింటి మీదా సగమే. రిగి కొండ మాత్రం పాస్‌లో పూర్తిగా ఉచితం.

ఖరీదైన కొండలు రెండు మూడు ఎక్కేవాళ్లు, ఒకే చోట మకాం వేసేవాళ్లు హాఫ్ ఫేర్ తీసుకోండి. రోజూ దూరాలు తిరుగుతూ పడవలెక్కేవాళ్లు పాస్ తీసుకోండి. మీరు వెళ్లే చోట్లు కాగితం మీద రాసి, ఎస్‌బీబీ (స్విస్ రైల్వే) యాప్‌లో ఒక్కో టికెట్ ధర చూసి కూడండి. అరగంట పని.

మంగళగిరి_మగ్గం
నేనైతే పెద్దవాళ్లతో పాస్‌కే ఓటేస్తా. ప్రతిసారీ టికెట్ కొనక్కర్లేదు, తప్పు రైలెక్కినా భయం లేదు, వాన పడితే ప్లాన్ మార్చి ఇంకో వైపు వెళ్లిపోవచ్చు. ఆ నిశ్చింతకి కూడా ధర కట్టాలి కదా రైలుపిచ్చిగారూ.

రైలుపిచ్చి_బెజవాడ
ఒప్పుకుంటా. యుంగ్‌ఫ్రౌ వద్దనుకుంటే పాసే మేలు. ఏది తీసుకున్నా తనిఖీకి పాస్‌తో పాటు పాస్‌పోర్టు చూపించాలి.

అన్నట్టు ఇంటర్లాకెన్ ఓస్ట్ నుంచి లౌటర్‌బ్రూనెన్ వెళ్లే రైలు ట్స్వైలూచినెన్ అనే స్టేషన్లో రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రూనెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. పెట్టె మీద బోర్డు చూసి ఎక్కాలి, నలుగురూ ఒకే సగంలో ఉండాలి. అమ్మానాన్నలు సీట్ల కోసం ముందుకు నడిచి వేరే సగంలో కూర్చుంటే వేరే లోయలో తేలతారు!

బ్రాడీపేట_4వలైను
నాన్నకి ఆ మంచు కొండే కావాలి. బీపీతో ఎక్కొచ్చా?

మాచవరం_డౌన్
యుంగ్‌ఫ్రౌయోక్ స్టేషన్ 3,454 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి మన గుంటూరులో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ నుంచి ఈగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కారు 15 నిమిషాల్లో యుంగ్‌ఫ్రౌయోక్ రైలెక్కే ఈగర్‌గ్లెచర్ స్టేషన్‌కి చేరుస్తుంది, అంటే ఒళ్లు అలవాటుపడే టైము ఉండదు. ముందే డాక్టర్ని ఈ ఎత్తు పేరు చెప్పి అడగండి, "విదేశం వెళ్తున్నాం" అంటే చాలదు. పైన నెమ్మదిగా నడవాలి, నీళ్లు తాగుతుండాలి, తల తిరిగితే వెంటనే దిగే రైలెక్కాలి. మొదటి రెండు రోజులూ తక్కువ ఎత్తులో తిరిగి, ఆ కొండ ఆరో రోజుకి పెట్టండి. డాక్టర్ వద్దంటే రిగి ఉంది, 1,800 మీటర్ల లోపే. 1871లో యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు ఎక్కింది దాని మీదే, ఏమీ తక్కువ కాదు.

పటమట_పద్మ
కొండ టికెట్ వారం ముందు కొనకండి. పొద్దున్నే కొండ మీది లైవ్ కెమెరా చూడండి, తెల్లగా మబ్బు తప్ప ఏమీ కనపడకపోతే ఆ రోజు కింద తిరగండి. అందుకే ఆరో రోజు అని గిరి గీసుకోకుండా ఐదు, ఆరు, ఏడు రోజుల్లో ఏదో ఒకటి అని ఖాళీ ఉంచాలి. సీజన్లో సీటు రిజర్వేషన్ అడుగుతారు, ముందు రోజు సాయంత్రం సూచన చూసి చేసుకోవచ్చు.

కొత్తపేట_కారం
తిండి! అమ్మగారి తిండి గురించి ఎవరూ మాట్లాడరేం? మన గుంటూరు వాళ్లు కారం, పచ్చళ్లు లేకుండా కదలరు. పచ్చడి, కారప్పొడి చేతి సంచిలో రానివ్వరు, చెక్-ఇన్‌లోనే పెట్టాలి. ఎండుకొబ్బరి చెక్-ఇన్‌లో కూడా కుదరదు, నూనె ఉంటుంది కాబట్టి అంటుకునే వస్తువుల్లో వేశారు, 2022 నుంచి. పవర్ బ్యాంకు దీనికి తిరగమరగ, చేతి సంచిలోనే ఉండాలి.

అరండల్‌పేట_అరుణ
స్విస్ కస్టమ్స్ వైపు ఇంకో జాబితా ఉంది. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి సీసా, పాలకోవా, పెరుగు మిరపకాయలు ఇంట్లోనే వదిలేయండి. నెయ్యి వేసి కలిపిన పొడి కూడా వద్దు, నూనెతో చేయించండి. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు కూడా ధృవపత్రం లేకుండా కుదరవు. అరటిపండు, కొబ్బరికాయ, ఖర్జూరం లాంటి కొన్నిటికే మినహాయింపు. ఎండబెట్టి దంచిన కరివేపాకు పొడికి ఇబ్బంది లేదు.

కొత్తపేట_కారం
మామిడిపళ్ల సీజన్లో వెళ్తూ ఒక్క బంగినపల్లి తీసుకెళ్లలేమా 😔

అరండల్‌పేట_అరుణ
ఇంట్లో తిని బయల్దేరండి 🙂

పటమట_పద్మ
హోటల్ కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, కనీసం ఇంటర్లాకెన్ ఐదు రాత్రులకి. మిగ్రోస్, కోప్ షాపుల్లో బియ్యం, పెరుగు, కూరలు దొరుకుతాయి. ఆదివారం షాపులు మూసేస్తారు (పెద్ద స్టేషన్లలోవి తప్ప), శనివారమే కొనుక్కోవాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, వీధి ఫౌంటెన్లవి కూడా, "తాగే నీరు కాదు" అని బోర్డు లేకపోతే. తాలింపు వేసేటప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ వేసి కిటికీ తీయండి, పొగకి అలారం మోగుతుంది.

అమ్మగారికి ఒక మాట. గ్రుయేర్ చీజ్ దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు. ఫాండ్యూలో (కరిగించిన చీజ్ వంటకం) వైట్ వైన్ పోస్తారు. మెనూలో "మాంసం లేదు" అన్నంత మాత్రాన మన లెక్కలో శాకాహారం కాదు, అడిగి తినాలి.

తెనాలి_తమ్ముడు
రైస్ కుక్కర్ పట్టుకెళ్తే పనిచేస్తుందా?

మంగళగిరి_మగ్గం
కరెంటు మనలాగే 230 వోల్టులు. ప్లగ్గుతోనే పేచీ. వాళ్ల సాకెట్ మూడు కన్నాల టైప్ జె. ఫోన్ చార్జర్ల సన్న రెండు పిన్నులు దూరతాయి, మన లావు మూడు పిన్నులు దూరవు. "యూరప్ అడాప్టర్" అని బీసెంట్ రోడ్డులో అమ్మే గుండ్రటి దిమ్మ కూడా ఆ గుంటలో పట్టదు, స్విట్జర్లాండ్ అని చూసి కొనాలి. కుక్కర్‌కి ఎర్త్ పిన్ ఉన్న అడాప్టరే వాడండి.

కృష్ణలంక_కుర్రాడు
సరే, నేను కొంచెం మెత్తబడ్డా 🙂 విమానం సంగతో? హైదరాబాద్ నుంచి జూరిక్‌కి నేరుగా లేదు కదా.

లెక్కల_మాస్టారు
దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా గానీ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా గానీ. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, మొదటి షెంగెన్ దేశం అదే కాబట్టి. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతిలో స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు, మొదటిసారి వెళ్లేవాళ్లకి టైము పడుతుంది. అక్కడ కనెక్షన్ గంటన్నర ఉంటే ఒప్పుకోవద్దు, మూడు గంటలు చూసుకోండి. అన్నీ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. అప్పుడే ఒక విమానం తప్పినా తర్వాతది ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. నాన్నగారికి వీల్‌చెయిర్ 48 గంటల ముందే అడగండి, నడవగలిగినా సరే, పెద్ద విమానాశ్రయాల్లో నడక చాలా ఉంటుంది.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే. మన వాళ్లకి ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరం, ఒక చోట పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే రీఇష్యూలో సరిచేయించండి.

గుంటూరు నుంచి కారులో వెళ్తే పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్‌లో దిగండి, సిటీలోకి పోవద్దు.

మాచవరం_డౌన్
గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు గుర్తుపెట్టుకోండి. యూఏఈలో నిషిద్ధం, డ్రగ్స్ కింద లెక్క. మసాలా పొడిలో కలిపినా అంతే. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, కోడిన్ ఉన్నవి కూడా అక్కడ నియంత్రణలో ఉన్నవే. నాన్నగారి బీపీ మాత్రలు అసలు అట్టల్లోనే, డాక్టర్ చీటీతో, చేతి సంచిలో. తొమ్మిది రోజులకి కాదు, పద్నాలుగు రోజులకి సరిపడా.

బ్రాడీపేట_4వలైను
ఇందాకే చూశాను. నాన్న పాస్‌పోర్టు జూలైలో అయిపోతుంది! జూన్ మొదటి వారంలో తిరిగొచ్చినా మూడు నెలలు ఉండవు. ఈ రాత్రికే రీఇష్యూ అప్లై చేస్తున్నా. అది చేతికొచ్చాకే వీసా స్లాట్. అమ్మ అప్పుడే కరివేపాకు ఎండబెట్టింది, గసగసాల డబ్బా పక్కన పెట్టేసింది. ఒక్క అనుమానం: హోటల్ బుకింగులు నా ఒక్కడి పేరు మీద ఉంటే చాలా?

పటమట_పద్మ
చాలదు. నలుగురి పేర్లూ బుకింగ్ కాగితం మీద కనపడాలి. బుక్ చేశాక సైట్‌లో మిగతా ముగ్గురినీ చేర్చి మళ్లీ ప్రింట్ తీయండి. వీసా రాగానే దాని మీద తేదీలు, ఎన్ని రోజులు అన్నది చూసుకోండి, దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి.